గోడంత బొమ్మ

బడి, డ్రాయింగు గది
సెలవులైన మొదటి వారం

మా ఇంటి అర్ధమొగుడికి,

వదిన రాసేది. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు కాబట్టి ముందు నీ క్షేమం అడుగుతున్నాను. మీ అన్నయ్య బాగున్నారు. కుట్టుమిషను ఎప్పట్లా మోగుతోంది, ఆయన నోరు ఎప్పట్లా మోగడం లేదు. ఆ ఇంటి మాటలన్నీ నీ ఒక్కదానికే పంచి పెట్టినట్టున్నారు.

పని ఉండి రాస్తున్నాను, ఎగతాళి పక్కన పెట్టి చదువు. మా బడిలో డ్రాయింగు పీరియడు గండంలో ఉంది. కొత్త హెడ్మాస్టారు లెక్కల మనిషి. ఏది చూసినా "దీనివల్ల ఏమొస్తుందండీ?" అంటారు. పిల్లలు అప్పుడే ఆయనకు తూకం మాస్టారని పేరు పెట్టేశారు. డ్రాయింగు పీరియడ్లు తీసి లెక్కలకు ఇచ్చేద్దామన్నారు. నేను ఊరుకోలేదు. ఒక్కసారి పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్ళనివ్వండి, మీరూ రండి, చూశాక మీరే చెప్పండి అన్నాను. సరేనన్నారు. వెళ్ళొచ్చాకే టైంటేబులు వేస్తారట. అంటే డ్రాయింగు తలరాత ఆ ఒక్క రోజు మీద ఉంది.

మా పిల్లల్లో ఒక్కరూ మ్యూజియం గడప తొక్కినవాళ్ళు కారు. ఊరికే తోలుకొస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? మొదటి గదిలో ఆవులింత, రెండో గదిలో దాహం, మూడో గదిలో "టీచర్, ఒంటికి". అందుకని ఒకే ఒక్క బొమ్మకు వాళ్ళని సిద్ధం చేస్తాను. నువ్వు మీ మ్యూజియం నుంచి పంపిన బొమ్మకార్డుల్లో ఒకటుంది చూడు, కిటికీ దగ్గర వీపు మనవైపు పెట్టి కూచుని చొక్కాకి గుండీ కుడుతున్న ఆవిడ. ఆ కార్డు మీద గళ్ళు గీస్తాను. ఒక్కొక్కరికి ఒక్కో గడి. ఎవరి గడి వాళ్ళు గుడ్డ మీద వేస్తారు. అన్నీ కలిస్తే అసలు బొమ్మ ఎంతుందో అంతే రావాలని నా కోరిక. అక్కడికొచ్చి దాన్ని చూడగానే "ఇది మనదే" అనిపించాలి వాళ్ళకి.

కార్డు వెనక కొలత లేదు. నీకు చదువు అబ్బకపోయినా కళ్ళున్నాయి కదా, రోజూ ఆ గదిలోనే కాపలా కూచుంటావు కదా. ఆ బొమ్మ ఎంత ఉంటుందో సరిగ్గా చూసి రాయి. మీ దగ్గర ఏం చేయకూడదో కూడా రాయి.

నీ జవాబు కోసం కత్తెరా గుడ్డా పట్టుకుని కూచున్న
వదిన


మ్యూజియం, మూడో గది, తలుపు పక్క కుర్చీ

పంతులమ్మ వదినకి,

పెన్సిలుతో రాశానని మూతి విరవకు. ఇక్కడ సిరా పెన్ను తెస్తే గేటు దగ్గరే లాక్కుంటారు, బొమ్మల మీద చిమ్ముతుందట. డ్యూటీలో ఫోను ముట్టుకుంటే మెమో. పెన్సిలూ కాగితమూ మాత్రం పట్టుకోవచ్చు, చూసి గీసుకునేవాళ్ళు వస్తారు కనుక. నేనూ గీస్తున్నట్టు తల ఒక పక్కకి వాల్చి, ఒక కన్ను మూసి నీకు రాస్తున్నాను. మా సూపర్వైజరు రెండుసార్లు తొంగిచూసి, దీనికి కూడా కళ అబ్బింది పాపం అనుకుంటూ పోయాడు.

"చదువు అబ్బకపోయినా" అన్నావు. మంచిది. ఎనిమిదో తరగతిలో బడిని నేను మానేశానా, బడి నన్ను మానేసిందా అన్న సంగతి ఇంకా తేలలేదు. తేలేదాకా కాస్త ఆగాల్సింది.

ఇక్కడ చేయకూడనివి రాసుకో. ముట్టుకోకూడదు. ఊదకూడదు, ఒకాయన దుమ్ముందని ఊదాడు. వేలు పెట్టి చూపించకూడదు, ఆ వేలు ఎప్పుడూ గీత దాటుతుంది. పరిగెత్తకూడదు. నా కుర్చీలో కూర్చోకూడదు, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇవి కాక ఇంకేం చేసినా నేను చూడనట్టు ఊరుకుంటాను.

నీ బొమ్మ నా కుర్చీకి దగ్గర్లోనే ఉంటుంది. ఎదురుగా కిటికీ ఉండటంవల్ల బొమ్మ మీదున్న అద్దంలో వెలుగు పడి, చూసేవాళ్ళకి వాళ్ళ మొహమే కనబడుతుంది. చాలామందికి అదే నచ్చుతుంది, జుట్టు సర్దుకుని వెళ్తారు. ఆవిడెవరని అడిగినవాళ్ళకి నేను చెప్పే కథ ఒకటుంది. ఆడబిడ్డ ఏదో అంటే అలిగి వీపు తిప్పుకు కూచుంది, ఇంకా కోపం దిగలేదు అంటాను. నిన్ను తలుచుకునే చెబుతాను. మొన్న ఒకాయన అది పుస్తకంలో రాసుకున్నాడు కూడా.

ఇక సైజు. సరిగ్గా చూసి రాయమన్నావు, చూసే రాస్తున్నాను. గోడంత ఉంటుంది వదినా. నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. ఇంతలేసి బొమ్మ లోపలికి ఎలా తెచ్చారో, గోడ తర్వాత కట్టారేమో. దుప్పట్లు బాగా పోగేసుకో.

చదువు లేకపోయినా కళ్ళున్న
మరదలు


బడి, వరండా
వానలు మొదలయ్యాక

కళ్ళున్న మరదలికి,

గోడంతా! నీ ఉత్తరం చదివి ముందు కంగారు పడ్డాను. తర్వాత మీ అన్నయ్య పాత దుప్పట్లు బయటికి తీశారు. జోడించి జోడించి, వరండా గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా వచ్చేలా కుట్టారు. ఆయన ఒక్క మాట మాత్రం అన్నారు: "అది చెప్పిందా? ఇంకొకరిని కూడా అడగాల్సింది." నేను వినలేదు. ఇలాంటి విషయంలో కూడా నువ్వు ఆటలాడతావా?

అంచులు నేను చేత్తో కుట్టాను. ఈమధ్య నాకు సూదిలో దారం ఎక్కడం లేదు. నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడల్లా వెళ్ళేముందు నాలుగు సూదుల్లో దారం ఎక్కించి దిండుకి గుచ్చి పోయేదానివి. అందులో ఒకదానికి కావాలనే ముడి వేసేదానివి కాదు. నేను కుట్టుకుంటూ పోయి, చివర్లో దారమంతా ఊడొచ్చి, నిన్ను తిట్టుకోవాలని. ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా ఎక్కించిన సూది లేదు.

పిల్లల సంగతి వింటే నవ్వుతావు. గళ్ళు పంచిన రోజు పెద్ద గొడవ. కిటికీ వచ్చినవాడు రాజులా తిరిగాడు. ఆవిడ జడ వచ్చిన పిల్లలిద్దరికీ జడ ఎవరి గడిలోంచి ఎవరి గడిలోకి పోతుందోనని సరిహద్దు తగాదా. ఒక పిల్ల ఉంది, ఏం చెప్పినా "ఎందుకు?" అంటుంది. ఎందుకమ్మ అనే పిలుస్తాం. ఆ పిల్లకి కింద ఎడమ మూల గడి వచ్చింది. అక్కడ ఏమీ లేదు, ఒట్టి నలుపు. "అందరికీ ఏదో ఒకటి ఉంది, నాకెందుకు నలుపు?" అని అడిగింది. ఎవరో ఒకరు వేయాలి కదమ్మా అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆ పిల్ల మాత్రం రోజూ వచ్చి నలుపు మీద నలుపు పూసుకుంటూ కూచుంటోంది.

ఒక పిల్లాడు వాళ్ళ నాన్నకి బదిలీ అయి వెళ్ళిపోయాడు. వాడి గడి ఖాళీ. బల్ల అంచు అందులోనే ఉంది. తూకం మాస్టారు అటుగా వెళ్తుంటే పిల్లలు పట్టుకున్నారు, "సార్, మీకు ఈ గడి". ఆయన వద్దు వద్దంటూనే స్కేలు తెప్పించుకుని, ఆ అంచును రైలుపట్టాలా తిన్నగా గీసి రంగు వేశారు. చొక్కాకి మరకైంది. వాళ్ళావిడకి ఏం చెప్పారో తెలియదు.

రోజూ సాయంత్రం రిహార్సలు. నేల మీద సుద్ద గీత. చేతులు వెనక్కి కట్టుకోవాలి. వేలు పెట్టకూడదన్నావుగా, అందుకని ఏది చూపించాలన్నా ముక్కుతో చూపిస్తున్నారు. పెద్ద బొమ్మ కనక ముందు బాగా వెనక్కి నడిచి చూడాలని కూడా నేర్పాను. ఒకరు కుర్చీలో కూచుని నీ వేషం కట్టి కేకలేస్తారు. ఆ వేషానికే పోటీ ఎక్కువ.

ఇన్నేళ్ళలో వాళ్ళు దేన్నీ ఇంత సేపు చూడటం నేను చూడలేదు. ఇదంతా నీ చలవే.

నీ
వదిన


మ్యూజియం, అదే కుర్చీ

వదినా,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. మామూలుగా నీ ఉత్తరాలు ఒక్కసారికే ఎక్కువ.

నాకొక ఆలోచన వచ్చింది. గుండీ కుట్టే ఆవిడ బొమ్మ ఏముంది చెప్పు, మొహం కూడా కనబడదు. అదే గదిలో గుర్రాల బొమ్మ ఉంది. బురదలో పరిగెడుతుంటాయి, ఒకటి పళ్ళు బయటపెట్టి మీ తూకం మాస్టారులా చూస్తుంది. అది నిజంగా గోడంత. పిల్లలకి గుర్రాలంటే ఇష్టం. ఇంకా టైముంది, దానికి మార్చుకోరాదూ? కార్డు పంపిస్తున్నాను, చూడు.

పోనీ నదీ పడవలూ ఉన్న బొమ్మ, రెండో గదిలోది? అది కూడా ఘనంగానే ఉంటుంది.

లేకపోతే ఇంకో నాలుగు నెలలాగి రండి. ఇక్కడ గోడలకి సున్నం వేస్తారని ఒక మాట వినిపిస్తోంది. ఎవరన్నారంటే ఎవరో అన్నారు. ఇవాళ నాకు జోకులేం తోచడం లేదు. పైన ఒకటి వేశాను, దాంతో సరిపెట్టుకో.

మరదలు


బడి, వరండా

మరదలికి,

గుర్రాల కార్డు వెనక్కి పంపుతున్నాను. మా బొమ్మ అయిపోవచ్చింది. ఇప్పుడు మార్చమంటే పిల్లలు నన్ను గుర్రాలకి కట్టి ఈడ్పిస్తారు.

వరండా గోడ నిండింది. సాయంత్రాలు తల్లులూ తండ్రులూ వచ్చి చూస్తున్నారు. ఎవరి పిల్లల గడి దగ్గర వాళ్ళు ఆగుతారు, తర్వాత పక్క గడి చూస్తారు. తూకం మాస్టారు అందరి ముందూ నిలబడి, "మేం దీని అసలుదాన్ని చూడ్డానికి వెళ్తున్నాం, ఇంతే ఉంటుంది, మా వాళ్ళు సైజు కనుక్కుని మరీ వేశారు" అని చెప్పారు. నా వంక చూసి తల కూడా ఊపారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నా వంక చూసి తల ఊపడం ఇదే మొదలు. వచ్చే వారమే ప్రయాణం.

నీ కిందటి ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. కత్తెర ఆపి, "గుర్రాల బొమ్మ నిజంగా గోడంత అని రాసిందా? మరి మొదటిదానికి 'నిజంగా' లేదేం?" అన్నారు.

ఒక్కటే అడుగుతున్నాను, ఒక్క మాటలో చెప్పు. ఆ బొమ్మ గోడంత ఉందా?

వదిన


మ్యూజియం

వదినా,

లేదు.

నా అరచెయ్యంత ఉంటుంది. నీ దగ్గరున్న కార్డే దానికంటే కాస్త పెద్దది.

"చదువు అబ్బకపోయినా" అన్నావని ఒళ్ళు మండి అలా రాశాను. నువ్వు నాలుగు దుప్పట్లు పోగేసి, నా మాట నమ్మకూడదని అన్నయ్య అంటే, తర్వాత నన్ను తిడుతూ ఉత్తరం రాస్తావు, నేను నవ్వుకుంటాను అనుకున్నాను. నువ్వు నమ్మేశావు. గోరంతను కొండంత చేయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య, కానీ ఈసారి ఆ కొండ పిల్లల నెత్తి మీద పెట్టాను. నీ ఉత్తరంలో ఎందుకమ్మ సంగతి చదివిన దగ్గర్నుంచీ మింగలేక కక్కలేక ఉన్నాను. గుర్రాలూ పడవలూ సున్నమూ అన్నీ అందుకే.

ఏం చేయమంటే అది చేస్తాను. మీ హెడ్మాస్టారికి నేనే రాయమంటే రాస్తాను.


బడి

నీ ఉత్తరం అందింది.

పిల్లలకి చెబుదామని వరండాలోకి వెళ్ళాను. వాళ్ళు ఆఖరి గడి అంచు కలుపుతున్నారు. చెప్పలేకపోయాను. హెడ్మాస్టారికీ చెప్పలేదు.

అనుకున్న రోజే వస్తున్నాం. నువ్వు ఎవరికీ ఏమీ రాయనక్కర్లేదు. ఆ రోజు నాతో మాట్లాడకు.


మ్యూజియం, మూడో గది, కుర్చీ
మీరు వచ్చి వెళ్ళిన మర్నాడు

వదినకి,

మాట్లాడకు అన్నావు. మాట్లాడలేదు. అంతసేపు నోరు మూసుకున్నది నేను నిద్రలో కూడా లేదు, కావాలంటే నా మొగుణ్ణి అడుగు. నువ్వు నడవాలో స్తంభం పక్కన, గుంపులో ఇంకా లోపలికి రానివాళ్ళ చెయ్యి పట్టుకుని, వీపు నా వైపు పెట్టి నిలబడ్డావు. అచ్చం బొమ్మలో ఆవిడలా. గదిలోకి రానే రాలేదు. లోపల ఏం జరిగిందో పిల్లలు చెప్పే ఉంటారు, కానీ పిల్లలు చెప్పేదాంట్లో ఎవరి గడి వాళ్ళదే ఉంటుంది. మొత్తం నేను చెబుతాను, విను.

నువ్వు నేర్పిన పిల్లలమ్మా వాళ్ళు! వరసగా వచ్చారు. చేతులు వెనక్కి. గది నిండా చూశారు. గోడంత ఉన్నది గుర్రాల బొమ్మ ఒకటే. నేరుగా దాని ముందుకెళ్ళి, గీత దగ్గర ఆగి, అందరూ ఒక్కసారిగా వెనక్కి వెనక్కి నడిచారు. అప్పుడు తలెత్తి చూశారు. గుర్రాలు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత నన్ను చూశారు.

"మన బొమ్మ ఏది?" అన్నాడు కిటికీ వేసినవాడు.

నేను గడ్డంతో చూపించాను. అందరూ వెళ్ళి దాని ముందు గుమిగూడారు. ఎవరో చిన్న గొంతుతో అన్నారు: "ఇది పిల్ల. మరి తల్లి ఏది?"

మీ తూకం మాస్టారు బొమ్మ దగ్గరికొచ్చి అరచెయ్యి చూసుకున్నారు, బొమ్మను చూశారు, నడవా వైపు చూశారు. నువ్వున్న వైపు. ఆ చూపు నాకు తెలుసు వదినా. నేను బళ్ళో ఉన్నప్పుడు మా మాస్టార్లు నా వైపు చూసిన చూపు అది. ఆ చూపు నీ మీదికి పోతుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచి చెప్పేశాను. ఇందులో టీచరమ్మ తప్పేం లేదండీ, ఆవిడ సైజు అడిగింది నన్ను, గోడంత ఉందని అబద్ధం రాసింది నేను అన్నాను.

"ఎందుకు?" అంది ఒక గొంతు. తిరిగి చూడకుండానే తెలిసింది ఎవరో.

"మీ టీచరు నాకు చదువు లేదంది. ఉడుక్కున్నాను."

"మరి మాకూ చదువు రాదని టీచరు రోజూ అంటారు, మేం ఉడుక్కోకూడదా?" అన్నాడొకడు. మీ తూకం మాస్టారు దగ్గారు. దగ్గు కాదనుకుంటా.

"మరి తల్లేది?" అంది ఆ చిన్న గొంతు మళ్ళీ. దానికి ఇంకా జవాబు కావాలి.

"ఇదేనమ్మా తల్లి. మీ వరండాలో ఉన్నది పిల్ల. పిల్ల తల్లిని మించిపోయింది, అంతే" అన్నాను. అందరిళ్ళలోనూ జరిగేదే.

అప్పుడెవరో "నా గడి!" అన్నారు. అంతే. అరచెయ్యంత బొమ్మ ముందు ఇంతమంది ఎలా చూస్తారు? వాళ్ళే వరస కట్టారు. ఒక్కొక్కరే ముందుకొస్తారు, చేతులు వెనక్కి, ముక్కుతో గాలిలో వెతుక్కుంటారు, దొరగ్గానే ముక్కు ఆగిపోతుంది. "కిటికీ. నేను దీన్ని తలుపంత వేశాను, ఆయన బియ్యపుగింజంత వేశాడు. ఎలా వేశాడు?" జడ తగాదా పిల్లలిద్దరూ కలిసే వచ్చారు. ఎవరి గడిలోంచి ఎవరి గడిలోకి పోయిందో చూసుకుని రాజీపడి వెళ్ళారు. ఇదే బొమ్మ ముందు జనం జుట్టు సర్దుకుని పోతుంటే చూస్తూ ఇన్నేళ్ళు కూచున్నాను నేను. ఇలా ఒక్కొక్క గింజా ఏరుకుంటూ చూసినవాళ్ళు లేరు.

తూకం మాస్టారు కూడా వరసలోనే నిలబడ్డారు. ముందుకు రమ్మంటే రాలేదు. ఆయన వంతు వచ్చింది, వంగి చూశారు. "బల్ల అంచు వంకరగా ఉంది" అన్నారు. కాసేపటికి, "స్కేలు పెట్టలేదు ఈయన. చెయ్యి వణికినట్టుంది" అన్నారు. ఇంకాసేపటికి నా వైపు తిరిగి, ఎవరికీ వినబడకుండా, "వరస చివరికెళ్ళి మళ్ళీ రావచ్చా?" అని అడిగారు. వచ్చారు కూడా.

ఇప్పుడు అసలు సంగతి. ఎందుకమ్మ ముందుకు రాలేదు. అందరూ అయ్యాక వచ్చింది. పొట్టి పిల్ల, గడ్డం అద్దం కింది అంచుకి వస్తుంది. ఆ మూల చూస్తూ నిలబడింది. ఎంతకీ కదలదు. నేనే వెళ్ళి, "నలుపేగా అమ్మా, చూశావుగా" అన్నాను.

"నలుపు కాదు. ఇక్కడ ఇంకొకావిడ ఉంది" అంది.

తూకం మాస్టారు వంగి చూశారు. ఆయనకి కిటికీ వెలుగూ ఆయన కళ్ళజోడూ కనబడ్డాయి. నాకు నా మొహం కనబడింది. "నీడమ్మా అది" అన్నాను, పెద్దదాన్ని కదా.

"మీరు పొడుగ్గా ఉన్నారు. కూచోండి" అంది.

డ్యూటీలో నేల మీద కూచోకూడదు. కూచున్నాను. మోకాళ్ళు ఎన్ని బూతులు తిట్టాయో నీకు రాయను. ఆ పిల్ల తల పక్కన తల పెట్టి పైకి చూశాను. కిటికీ వెలుగు జారి పైకి పోయింది. నలుపులో ముందు ఒక మోకాలు. తర్వాత ఒడి. తర్వాత చేతులు. వదినా, ఆవిడ ఒక్కతే లేదు. ఆ మూల చీకట్లో ముక్కాలి పీట మీద ఇంకొకావిడ కూచునుంది. కార్డులో అచ్చు ముద్దగా పడి నలుపైపోయింది గాని, ఉంది. కిటికీ దగ్గరావిడ కుట్టుకుంటుంటే, ఈవిడ తర్వాతి సూదిలో దారం ఎక్కిస్తోంది. సూది మొన ఒక్కటే మెరుస్తోంది, దుమ్ముకణమంత.

నేను ఆ గదిలో ఇన్నేళ్ళు కుర్చీ వేసుక్కూచుని, వచ్చిన ప్రతివాడికీ ఆవిడ అలిగిందనీ, ఆడబిడ్డతో పడక వీపు తిప్పుకుందనీ చెప్పాను. వెనకే కూచునుంది ఆడబిడ్డ. ముడి వేసిందో లేదో మాత్రం కనబడలేదు.

ఎందుకమ్మ చేతులు వెనక్కి కట్టుకునే, "నా గడిలో మనిషి ఉంది" అని ఒక్కొక్కరికీ చెప్పింది. అప్పుడు మొదలైంది రెండో వరస. అందరూ కూచుని చూశారు. తూకం మాస్టారు కూడా. ఆయన్ని లేపడానికి ఇద్దరు పట్టారు.

ఆయన బస్సెక్కేటప్పుడు ఏమీ అనలేదు. పీరియడు సంగతి ఏమవుతుందో అని రాత్రంతా దొర్లాను. నీకు నా మీద కోపం ఎంతకాలం ఉండాలో అంతకాలం ఉంచుకో. ఆ సంగతి ఒక్కటి మాత్రం రాయి. ఈ పాటికి నా కథ కూడా మార్చేశాను. ఇవాళ ఒకాయన వచ్చి, ఆవిడెవరని అడిగాడు. కూచోండి చెబుతానన్నాను.

మోకాళ్ళు పట్టేసిన
మరదలు


బడి, డ్రాయింగు గది

అర్ధమొగుడికి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు కావాలనే ఆలస్యం చేశాను. నిన్ను కాసేపు దొర్లించాలనిపించింది. నీ దగ్గర నేర్చుకున్నదే.

ముందు నువ్వు అడిగింది. టైంటేబులు నోటీసుబోర్డు మీద పెట్టారు. డ్రాయింగు ఉన్నచోటే ఉంది. తూకం మాస్టారు దాని గురించి నాతో ఒక్క మాట అనలేదు. నిన్న మాత్రం బడి వదిలాక వరండాలోకి వచ్చి, ఎవరైనా చూస్తున్నారా అని ఇటూ అటూ చూసి, కుంచె అడిగి తీసుకున్నారు. బల్ల అంచును చేత్తో వంకరగా దిద్దారు. సరిగ్గా రాలేదట, మళ్ళీ వస్తారట.

నేను నడవాలో వీపు తిప్పుకు నిలబడ్డది కోపంతోనే. లోపలికి వస్తే పిల్లల మొహాలు చూడాల్సి వస్తుందని కూడా. నీ మాటలు వినబడుతూనే ఉన్నాయి, నీ గొంతు గోడలు దాటుతుంది కదా. తప్పు నాదే అని చెప్పింది విన్నాను. తర్వాత "పిల్ల తల్లిని మించిపోయింది" అన్నావు చూడు, అక్కడ నవ్వొచ్చేసింది. ఇక తిరిగితే నవ్వు కనబడుతుందని తిరగలేదు. కాబట్టి వీపు చూసి కథలల్లడం ఇకనైనా మానెయ్.

"చదువు అబ్బకపోయినా" అన్నందుకు నేనూ ఒక మాట పడాల్సిందే. మీ అన్నయ్య ఆ వాక్యం విని అప్పుడే అన్నారు, "దానికి తగలాల్సిన చోట తగిలింది" అని. ఆయన ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతారు, ఈ ఏటి కోటా అంతా నీ మీదే ఖర్చయింది.

ఇంకొకటి. ఎందుకమ్మ బడికి రాగానే తన గడి ముందు కూచుంది. పూసి పూసి ఉంచిన ఆ నలుపంతా పోనివ్వకుండా, దాని మీదే మెల్లగా ఒక మనిషిని కూర్చోబెట్టింది. చేతిలో సూది ఉంది. మెడలో గుర్తింపు కార్డు ఉంది. నోరు తెరిచి ఉంది. ఎవరమ్మా ఈవిడ అని నేను అడగలేదు, పిల్లలందరూ వచ్చి చూసి "మ్యూజియం అత్త" అన్నారు.

ఎంత సైజులో వేసిందో నేను రాయను. సైజుల విషయంలో మన ఇంట్లో ఎవరి మాటా ఎవరూ నమ్మే స్థితి లేదు. సెలవు పెట్టి వచ్చి నువ్వే కొలుచుకో.

టేపు తెచ్చుకో. సూదులు ఇక్కడున్నాయి.

వదిన